ప్రకరణం చివరి పేజీలు

సురవరం ప్రతాపరెడ్డి ‘ఆంధ్రుల సాంఘిక చరిత్ర’ గురించి ఎవరు మాట్లాడినా అందులోని తిండి గురించి, ఆటల గురించి, కోడిపందేల గురించి, నగల గురించి మాట్లాడతారు. ప్రతి ప్రకరణం చివర ‘ముఖ్యాధారములు’ అన్న శీర్షిక కింద ఉండే పేజీల ఊసు ఎవరూ పెద్దగా ఎత్తరు. నా మటుకు నాకు ఆ పుస్తకంలో అన్నిటికన్నా గొప్ప పనితనం కనిపించేది అక్కడే. ఒక కాలం గురించి తాను చెప్పిన సంగతులు ఏయే గ్రంథాల్లోంచి తీశారో, ఎవరి ప్రచురణ చూశారో, ఆ గ్రంథం సాంఘిక చరిత్రకు ఏపాటి పనికొస్తుందో ఆయన అక్కడ వరసగా రాసిపెట్టారు. నన్ను నమ్మండి అనలేదు, వెళ్లి చూసుకోండి అన్నారు.

ఈ మాట అశోక్‌నగర్‌ను ఆనుకుని ఉన్న చోట కూర్చుని రాయడంలో నాకో కారణం ఉంది. చిక్కడపల్లి సెంట్రల్ లైబ్రరీలో పొద్దున్నే కుర్చీ దొరకదు. గ్రూప్స్‌కి చదివే పిల్లలు జిల్లాల నుంచి వచ్చి, అశోక్‌నగర్ సందుల్లో హాస్టల్ గదులు తీసుకుని, రాత్రి దాకా ఇక్కడే చదువుతారు. తెలంగాణ చరిత్ర వాళ్లకు కంఠోపాఠం. గోలకొండ కవుల సంచిక ఎప్పుడు వచ్చింది, 1934. అందులో కవులెందరు, 354. అడిగిన మరుక్షణం చెబుతారు. ఆ శ్రద్ధ మీద నాకు గౌరవం ఉంది. కానీ ఆ 354 మంది ఎట్లా దొరికారన్నది జిరాక్సు కాగితాల మెటీరియల్‌లో ఉండదు. బిట్టుకు జవాబు ఉంటుంది, ఆధారం ఉండదు. వాళ్లలో ఏ కొందరికైనా రేపు ఉద్యోగం వచ్చాకో, రాకముందో, తమ రాష్ట్రం చరిత్ర సొంతంగా వెతకాలనిపిస్తే ఎక్కడ మొదలుపెట్టాలి? ఆ ప్రశ్నకు మన భాషలో ఉన్న మంచి జవాబుల్లో ఒకటి ఈ చివరి పేజీలు.

సురవరం 1896లో పుట్టారు, 1953లో పోయారు. సొంతూరు అలంపురం ప్రాంతంలోని ఇటిక్యాలపాడు. 1926 మే 10న గోలకొండ పత్రిక మొదలుపెట్టారు. రెడ్డి హాస్టల్ బాధ్యతలు చూశారు, 1930లో జోగిపేటలో జరిగిన మొదటి ఆంధ్ర మహాసభకు అధ్యక్షత వహించారు, 1952లో వనపర్తి నుంచి శాసనసభకు గెలిచారు. ఇన్ని పనుల మధ్య రాసిన పుస్తకం 1949లో వచ్చింది. వేసింది ఆంధ్ర సారస్వత పరిషత్తు. హిమాయత్‌నగర్ నుంచి కింగ్‌కోఠి మీదుగా తిలక్ రోడ్డుకు వెళితే బొగ్గులకుంటలో ఉంటుంది ఆ పరిషత్తు, ఇప్పుడు తెలంగాణ సారస్వత పరిషత్తు. తెలుగులో మొదటి సాహిత్య అకాడమీ బహుమతి 1955లో ఈ పుస్తకానికే దక్కింది, అప్పటికి రచయిత లేరు.

తూర్పు చాళుక్యుల కాలం నుంచి 1907 దాకా సాగుతుంది కథనం. రాజు ఎవరన్నది కాలం గుర్తుపట్టడానికి మాత్రమే. ఆ కాలంలో జనం ఏం తిన్నారు, ఏం కట్టారు, ఏ దేవతలకు మొక్కారు, బజారులో ఏం అమ్మారు, పిల్లలు ఏం ఆడారు అన్నది ఆయనకు కావాలి. ఇక్కడే అసలు చిక్కు. రాజుల చరిత్ర రాసేవాడికి శాసనాలున్నాయి, వంశావళులున్నాయి, దండయాత్రల కథలున్నాయి. రైతు ఇంట్లో ఏ కూర వండారో ఏ రాయి మీదా చెక్కలేదు. మరి ఆధారం ఎక్కడ? కావ్యాల్లో ఉందన్నారు సురవరం. అప్పటిదాకా పండితులు అలంకారాల కోసం, ఛందస్సు కోసం చదివిన కావ్యాలను ఆయన సాక్షులుగా పిలిచారు.

క్రీడాభిరామాన్నే చూడండి. గోవింద మంచనశర్మ, టిట్టిభసెట్టి అనే ఇద్దరు స్నేహితులు ఒక్క రోజు ఓరుగల్లు వీధుల్లో తిరగడమే అందులోని కథ. మధ్యాహ్నం ఆకలేసి పూటకూళ్ల ఇంటి సంగతి వస్తుంది. లక్ష్మణవజ్ఝల ఇంట్లో ఒక్క రూకకు భోజనం. ఏమేం పెడతారో కవి ఒక్క పద్యంలో చెప్పేశాడు: కప్పురభోగి బియ్యపు అన్నం, గోధుమపిండి వంటకం, గుప్పెడు పంచదార, అప్పుడే కాచిన ఆవునెయ్యి, పెసరపప్పు, అరటిపళ్లు, నాలుగైదు నంజుళ్లు, గడ్డపెరుగు. సాహిత్యం చదివేవాడు ఈ పద్యానికి నోరూరి ముందుకు పోతాడు. చరిత్ర చదివేవాడు ఆగిపోవాలి. డబ్బిచ్చి అన్నం తినే ఇళ్లు ఊళ్లో ఉన్నాయి. అంటే ఇల్లూవాకిలీ లేకుండా పనిమీద వచ్చిపోయేవాళ్లు నగరంలో తగినంతమంది ఉన్నారు. భోజనం ధర నాణెంలో చెప్పాడు. రాచనగరులో కాదు, ఒక సామాన్యమైన ఇంట గోధుమ వంటకం దొరుకుతోంది. పూటకూళ్లు నడిపే ఇంటివాడి పేరు కూడా తెలుస్తోంది. నాలుగు పాదాల్లో ఇంత ఉంది. సురవరం చూపు ఇట్లాంటి చోట్ల నిలుస్తుంది.

అదే కావ్యంలో కోడిపందెం ఉంది, పొట్టేళ్ల పోరు ఉంది, కాకతమ్మ, ఏకవీర ఉన్నారు, పల్నాటి వీరుల కథ పాడేవాళ్లున్నారు, మాచల్దేవి ఇంటి గోడల మీద బొమ్మలున్నాయి. ఆ బొమ్మల దగ్గర సురవరం చేసే పని నాకు ఎంతో ఇష్టం. ఒక్క కావ్యం చెప్పిందని ఊరుకోరు. ఏకామ్రనాథుడి ప్రతాపరుద్ర చరిత్రను తెస్తారు. అందులో ఓరుగంటి చిత్రకారుల ఇళ్లు వందల లెక్కలో వస్తాయి. ఏకామ్రనాథుడి అంకెలను జనాభా లెక్కల్లా పట్టుకోలేం, అతను కాకతీయులు పోయిన చాలా కాలానికి రాశాడు. కానీ ఒక కవి వేశ్య ఇంటి గోడ మీద బొమ్మలు చూపించాడు, ఇంకొకడు ఊళ్లో బొమ్మలు వేసే వృత్తివాళ్లున్నారన్నాడు. ఒకరికొకరు సంబంధం లేని ఇద్దరు ఒకే వైపు చూపిస్తే అక్కడ వెతకడం దండగ కాదు. ఈ జత కలపడం చరిత్రకారుడికి చాలా అవసరమైన నేర్పు. సురవరం దాన్ని ఎక్కడా సూత్రంగా చెప్పలేదు, చేసి చూపించారు.

ఇక్కడ ఒక అభ్యంతరం న్యాయంగా వస్తుంది. క్రీడాభిరామం చూపించేది కాకతీయుల ఓరుగల్లు. కానీ ఆ రాజ్యం 1323లో పడిపోయాక పుట్టిన తెలుగు కావ్యం అది. దాన్ని కాకతీయ యుగానికి సాక్షిగా నిలబెట్టవచ్చా? రావిపాటి త్రిపురాంతకుడి ప్రేమాభిరామం అనే సంస్కృత రూపకం దీనికి మూలమనీ, అది ఓరుగల్లు వెలుగుతున్న రోజుల నాటిదనీ పండితులు చెబుతారు కాబట్టి నిలబెట్టడానికి దారి ఉంది. అయినా అందులోని ఏ వివరం మూలంలోది, ఏది తెలుగు కవి తన కాలం నుంచి చేర్చింది అన్నది తేల్చడం తేలిక కాదు. సురవరం ఆధారాల పట్టిక ఇవ్వబట్టే ఈ ప్రశ్న మనం వేయగలుగుతున్నాం. పట్టిక లేని చరిత్రను మెచ్చుకోగలం, లేదా తోసిపుచ్చగలం. సరిదిద్దలేం.

పాల్కురికి సోమనాథుడి పండితారాధ్య చరిత్రలోని పర్వత ప్రకరణం ఇంకో గని. శివరాత్రికి శ్రీశైలం కొండెక్కే జనంతో కిక్కిరిసి ఉంటుంది. తుమ్మెద పదాలు, ప్రభాత పదాలు, ఆనంద పదాలు, శంకర పదాలు, నివాళి పదాలు, వెన్నెల పదాలు అని పాటల పేర్లు, తోలుబొమ్మలాడించేవాళ్లు, నాటకాలాడేవాళ్లు, గడల మీద, తాళ్ల మీద విన్యాసాలు చేసేవాళ్లు. ఆ పాటలు ఒక్కటీ మనకు దక్కలేదు, పేర్లే దక్కాయి. జనం నోటి పాట ఏడు వందల ఏళ్ల కిందట ఎన్ని రకాలుగా ఉండేదో చెప్పే దస్తావేజు అది. దాన్ని సురవరం చదవగలిగారంటే వెనక వేరేవాళ్ల శ్రమ ఉంది. బసవపురాణం 1926లో వేటూరి ప్రభాకరశాస్త్రి పీఠికతో, పండితారాధ్య చరిత్ర 1939లో చిలుకూరి నారాయణరావు పీఠికతో ఆంధ్ర గ్రంథమాల వేయకపోతే ఆ తాళపత్రాలు వెతుక్కోవడానికే ఒక జీవితం పట్టేది. ఆధారాల పట్టికలో ప్రచురణ పేరు రాయడం ఆ పరిష్కర్తల రుణం గుర్తుచేయడం కూడా.

నిఘంటువుల మీద ఆయన చిరాకు పడిన చోట్లు మనస్సును పట్టుకుంటాయి. పాత కావ్యంలో ఒక ఆట పేరో, పిట్ట పేరో, నగ పేరో వస్తుంది. నిఘంటువు తెరిస్తే ‘క్రీడావిశేషము’, ‘పక్షివిశేషము’ అని ఉంటుంది. ఏ విశేషమో ఉండదు. అప్పుడు ఆయన పల్లెకు పోతారు. తెలంగాణంలో ఈ మాట ఇప్పటికీ ఉంది, ఈ అర్థంలో వాడుతున్నారు అంటారు. పాలమూరు పల్లె నోరు ఆయనకు గ్రంథంతో సమానమైన ఆధారం. అయ్యలరాజు నారాయణామాత్యుడి హంసవింశతి, కదిరీపతి శుకసప్తతి లాంటి కథాకావ్యాలు ఆయనకు అంత ప్రీతి కావడానికి కారణం ఇదే. అవి శృంగార కథలని పక్కనపెట్టినవాళ్లున్నారు. సురవరం వాటిలో వృత్తిపనివాళ్ల పనిముట్లు, పిల్లల ఆటలు, ఇంట్లో సామాన్లు, బట్టల పేర్లు ఏరుకున్నారు. పెద్ద కావ్యాలు రాజాస్థానం దాటి బయటకు రాని కాలాల్లో ఈ చిన్న కథలే వీధి చూపించాయి. పందొమ్మిదో శతాబ్దానికి వచ్చేసరికి ఏనుగుల వీరాస్వామయ్య కాశీయాత్ర చరిత్ర ఉంది. 1830లో మద్రాసు నుంచి బయలుదేరిన ఆ యాత్రికుడు హైదరాబాదు మీదుగానే వెళ్లాడు, దారిలో బియ్యం ఎక్కడ దొరికింది, నీళ్లు ఎక్కడ ఉన్నాయన్నది కూడా రాశాడు.

విదేశీ యాత్రికులనూ వదల్లేదు. విజయనగరానికి సంబంధించి పేస్, నూనిజ్ రాసిన సంగతులు రాబర్ట్ స్యూయల్ 1900లో వేసిన పుస్తకం ద్వారా తెలుగువాళ్లకు అందాయి. మార్కో పోలో మోటుపల్లి గురించి, రాణి పాలన గురించి చెప్పినది ఉంది. అదే రేవులో గణపతిదేవుడు సముద్ర వ్యాపారులకు అభయమిస్తూ వేయించిన శాసనమూ ఉంది. మార్కో పోలో మాటలు చదివితే అతను ఈ తీరానికి వచ్చేసరికి రాణి ఏలుతున్నట్టే ఉంటుంది. సురవరం పోయాక నల్గొండ జిల్లా నకిరేకల్ దగ్గర చందుపట్లలో పి.వి. పరబ్రహ్మశాస్త్రి వెలుగులోకి తెచ్చిన శాసనం రుద్రమదేవి, ఆమె సేనాని మల్లికార్జున నాయకుడు శివలోకానికి పోయారని చెబుతుంది. దాని తేదీ 1289 నవంబరు 27కు సరిపోతుంది, అంటే మార్కో పోలో రాకముందే ఆ రాణి లేదు. పువ్వుల ముమ్మడి అనే సామాన్యుడు వేయించిన చిన్న రాయి ఒక మహా యాత్రికుడి మాటను మళ్లీ లెక్క చూసుకునేలా చేసింది. రాజవంశం ఆ మరణాన్ని ఏ పెద్ద శాసనంలోనూ గొప్పగా చెప్పుకోలేదు. ఊరి చెరువు గట్టు మీదా, పొలం మధ్యా ఉన్న రాళ్లు ఇంకా ఎన్ని చదవవలసి ఉన్నాయో అనిపిస్తుంది ఆ ఉదాహరణ చూస్తే.

శాసనాల పని కూడా ఈ నగరంలోనే ఒక ఉద్యమంగా మొదలైంది. 1921 నవంబరులో వివేకవర్ధని నాటకశాలలో తెలుగులో మాట్లాడబోయిన న్యాయవాదిని సభ గేలిచేసింది. ఆ అవమానంలోంచి ఆంధ్ర జనసంఘం పుట్టింది. ఆ సంఘం నుంచే, 1923లో చరిత్ర పరిశోధకుడు కొమర్రాజు లక్ష్మణరావు పోయాక, ఆయన పేరుమీద లక్ష్మణరాయ పరిశోధక మండలి నడిచింది. ఆ మండలి పోగుచేసిన శాసనాలు ‘తెలంగాణ శాసనములు’ పేరుతో 1935లో మొదటి సంపుటంగా, 1960లో రెండో సంపుటంగా అచ్చయ్యాయి. ఆదిరాజు వీరభద్రరావు లాంటివాళ్లు ఊరూరా తిరిగి రాళ్ల మీద కాగితం పరిచి నకళ్లు తీశారు. తరువాత జిల్లాల వారీగా ప్రభుత్వ పురావస్తు శాఖ వేసిన శాసన సంపుటాల్లో వరంగల్లు, కరీంనగర్ రెండూ 1974లో వచ్చాయి. కరీంనగర్ సంపుటం పరబ్రహ్మశాస్త్రిదే. కుర్క్యాల గుట్ట మీద పంప కవి తమ్ముడు జినవల్లభుడు వేయించిన శాసనంలోని మూడు కంద పద్యాలు తెలుగులో కందం చరిత్రనే వెనక్కి జరిపాయి. తమ జిల్లా చరిత్ర వెతికేవారు మొదట తెరవవలసింది ఈ సంపుటాలు. అందులో తమ ఊరి పేరు ఉందేమో చూసుకున్న క్షణంలో చరిత్ర పరీక్ష సబ్జెక్టు కాకుండా పోతుంది.

సురవరం పుస్తకంలో నాకు నచ్చనివీ ఉన్నాయి. మతాల మీద, పాలకుల మీద తీర్పు చెప్పే తొందరలో ఒక్కోసారి ఆధారం ఇచ్చినదానికన్నా ఎక్కువ అంటారు. కోపం ముందు నడిచి సాక్ష్యం వెనక పడుతుంది. కావ్యాలు రాసిన కులాల కంటికి కనిపించని ఇళ్లు ఆయన పుస్తకంలోనూ మసకగానే ఉంటాయి. వాడలో బతికినవాళ్లు కవి వర్ణనలో వస్తారు, తమ నోటితో మాట్లాడరు. ఈ కొరత ఆయన ఒక్కరిదే అనలేం, ఆయన ఎంచుకున్న ఆధారాలదీ. కానీ ఆ కొరత ఎక్కడుందో వేలు పెట్టి చూపగలగడానికీ ఆ చివరి పేజీలే వీలిచ్చాయి.

ఇంకో పెద్ద సంగతి భాష. నిజాం రాజ్యంలో 1880ల దాకా కచేరీ భాష పార్శీ, తరువాత ఉర్దూ. భూమి తగాదా, జాగీరు పత్రం, పోలీసు నివేదిక, కరువు లెక్క అన్నీ ఆ భాషల్లోనే ఉన్నాయి. తార్నాకలోని రాష్ట్ర ఆర్కైవ్స్‌లో షాజహాన్, ఔరంగజేబుల నాటి దక్కన్ కాగితాలే లక్షన్నరకు పైగా ఉన్నాయి. తెలుగు ఒక్కటే వచ్చినవాడు వాటి గుమ్మం దగ్గరే ఆగిపోవాలి. మెకంజీ కైఫీయతులు ఆదుకుంటాయా అంటే, అవి ఎక్కువగా కంపెనీ ఏలుబడిలోకి వచ్చిన కోస్తా, సీమ గ్రామాలవి. తెలంగాణ పల్లెకు అట్లాంటి గ్రామ చరిత్రలు అంతగా లేవు. అందుకే ఇక్కడి పరిశోధకుడికి ఉర్దూ అలంకారం కాదు, పనిముట్టు. సురవరానికి ఉర్దూ వచ్చు. ఆ లాభం ఆయన రాతలో తెలుస్తుంది.

చిక్కడపల్లిలో కూర్చున్నవాడికి ఈ విషయంలో అదృష్టం ఉంది. హిమాయత్‌నగర్‌లో అంజుమన్ తరక్కీ ఉర్దూ వాళ్ల ఉర్దూ హాల్ ఉంది. ఇటు బాగ్‌లింగంపల్లిలో సుందరయ్య విజ్ఞాన కేంద్రం ఉంది. అబ్దుస్ సమద్ ఖాన్ అనే పుస్తకప్రియుడు సొంతంగా పోగుచేసిన ఉర్దూ పుస్తకాలు, పత్రికలు చివరికి అక్కడికి చేరాయి. ఒక మనిషి తన ఇంట్లో పేర్చుకున్నవి విశ్వవిద్యాలయాలు వెతుక్కుంటూ వచ్చేటంతటి నిధి అయ్యాయి. 2000 ఆగస్టు వరదల్లో ఆ కేంద్రంలోకి నీళ్లు చేరి ఎన్నో పుస్తకాలు తడిసిపోయాయి. వాటిని ఆరబెట్టి, మైక్రోఫిల్ము తీసి బతికించడానికి పడిన పాట్లు తలచుకుంటే, ఆధారం ఉండటం ఒక ఎత్తు, నిలవడం ఒక ఎత్తు అనిపిస్తుంది.

సురవరం 1907 దగ్గర ఆపారు. ఆ తరువాతి ప్రకరణం ఎవరైనా ఆయన పద్ధతిలోనే రాస్తే దాని ‘ముఖ్యాధారములు’ ఎట్లా ఉండాలని నాకు చాలాసార్లు తోచింది. మొదట గోలకొండ పత్రిక ఫైళ్లు. వార్తలకన్నా పాఠకుల ఉత్తరాలు, ప్రకటనలు జాగ్రత్తగా చూడాలి. గోలకొండ కవుల సంచికను కవిత్వం కోసం కాక అందులోని ఊళ్ల పేర్ల కోసం చదవాలి. తెలుగు బడులు తక్కువగా ఉన్న రాజ్యంలో ఏయే మారుమూల పల్లెల్లో పద్యం రాసే మనిషి ఉన్నాడో చెప్పే పటం అది. మాడపాటి హనుమంతరావు ‘తెలంగాణ ఆంధ్రోద్యమము’ ఉద్యమంలో ఉన్న మనిషి రాసినది. సభల తేదీలకు, తీర్మానాలకు గట్టి ఆధారం, రచయిత నెమ్మదితనం వల్ల తగాదాల తీవ్రత తగ్గి కనిపిస్తుంది. నారాయణగూడలో ఆయన 1928లో పెట్టిన బాలికల పాఠశాల కథను దీనితో కలిపి చదవాలి. వట్టికోట ఆళ్వారుస్వామి ‘ప్రజల మనిషి’ నవలే అయినా వెట్టిచాకిరీ ఎట్లా నడిచిందో, దొర గడి ముందు మనిషి ఎట్లా నిలబడేవాడో తెలుసుకోవడానికి పనికొస్తుంది, సంవత్సరాల లెక్కకు పనికిరాదు. దాశరథి రంగాచార్య ‘చిల్లర దేవుళ్లు’ కూడా అంతే. పుచ్చలపల్లి సుందరయ్య సాయుధ పోరాటం మీద రాసిన పెద్ద పుస్తకం పార్టీ నాయకుడి చూపు, ఊళ్ల పేర్లకూ దళాల కదలికలకూ అది చూడక తప్పదు.

వీటన్నిటి పక్కన 1986లో స్త్రీ శక్తి సంఘటన తెచ్చిన ‘మనకు తెలియని మన చరిత్ర’ పెడతాను. చాకలి ఐలమ్మ, మల్లు స్వరాజ్యం, జమాలున్నీసా బాజీ లాంటి ఆడవాళ్ల దగ్గర కూర్చుని, టేపు పెట్టి, వాళ్ల మాట వాళ్ల యాసలోనే దించారు. పోరాటంలో అన్నం ఎవరు వండారు, పసిపిల్లను ఎవరి చేతిలో పెట్టి దళంలోకి వెళ్లారు, పోరాటం ఆగిపోయాక ఇంటికి వచ్చిన ఆడదాన్ని ఊరు ఎట్లా చూసింది అన్నవి అందులో ఉన్నాయి. సురవరం కావ్యాల్లో వెతికి వెతికి పోగుచేసిన సంగతులే ఇవి. తేడా ఏమిటంటే ఇక్కడ వాటిని చెప్పేది కవి కాదు, వండిన మనిషి. పేరు, ఊరు, చెప్పిన మాట మూడూ అచ్చులో ఉన్నాయి కాబట్టి రేపు ఇంకొకరు అదే ఊరికి వెళ్లి అడగవచ్చు, కాదనవచ్చు, ఇంకో మాట చేర్చవచ్చు.